వదినగారి పసుపుకుంకుమ పిలక

మా వియ్యపురాలు పోయారన్న కబురు మా కోడలి నోటే విన్నాను. "అత్తయ్యా, అమ్మ వెళ్ళిపోయింది," అంది ఫోనులో. ఏడ్చింది. ఏడవనిచ్చాను. తర్వాత ముక్కు చీదుకొని, "ఇంకోటి కూడా మీకు చెప్పమంది. ముక్కలు అప్పుడే ఎవరికీ ఇచ్చెయ్యొద్దంట. రాయిని గట్టిగా పట్టుకోనివ్వమంది. మీకు తొందరెక్కువంట," అంది.

నన్ను కఠినం అన్నవాళ్ళున్నారు, చాదస్తం అన్నవాళ్ళున్నారు. తొందరెక్కువ అన్నది మాత్రం ఈ భూమ్మీద ఆవిడ ఒక్కరే. ఫోను పెట్టేసి ముందుగదిలోకి వెళ్ళాను. తొట్టె మీద దీపం వెలుగుతోంది. అన్నీ విచ్చుకొని ఉన్నాయి. "సరే వదినగారూ, ఇవ్వను లెండి," అని పైకే అన్నాను.

ఆ ముక్కలేమిటో ముందు చెప్పాలి. మా ముందుగదిలో ఒక చిన్న గాజు తొట్టె ఉంది. అందులో ఉప్పునీళ్ళు, కొన్ని రాళ్ళు, ఆ రాళ్ళ మీద జోయాంథిడ్ అనే పగడపు జాతి జీవులు. చూడ్డానికి పువ్వుల్లా ఉంటాయి గాని మొక్కలు కావు, జంతువులే. రాయి మీద తోలు చాపలా పరుచుకుంటాయి. ఆ చాపలోంచి చొక్కా గుండీలంత మూతులు పైకి లేస్తాయి. ఒక్కో మూతి చుట్టూ సన్నటి కుచ్చు. వెలుగు పడితే విచ్చుకుంటాయి, బెదిరితే ముడుచుకుంటాయి. మా వదినగారు పెంచిన రకానికి కుచ్చు పసుపు, నడుమ ఎరుపు. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుందట. ఆవిడ మాత్రం పసుపుకుంకుమ అనేవారు. భర్త పోయిన మనిషి తను పెంచుకునేదానికి ఆ పేరు పెట్టడంతో విన్నవాళ్ళు కుర్చీలో కాస్త ఇబ్బందిగా కదిలేవారు. వాళ్ళు కదలడం చూసి ఆవిడ ఆ పేరు ఇంకోసారి గట్టిగా అనేవారు.

ఆవిడ పుట్టిల్లు బందరు. తండ్రిది చేపల వ్యాపారం. జువాలజీ చదువుకొని, పెళ్ళయ్యాక కోడూరులో రొయ్యల రైతుల కోసం నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ పెట్టారు. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తే ఉప్పెంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది అని చూసి చెప్పడం ఆవిడ పని. మాది గుడివాడ, వరి పండించే కుటుంబం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి, వాళ్ళమ్మాయి ఒకరినొకరు ఇష్టపడి పెళ్ళి చేసుకోవడంతో మేమిద్దరం వదినలమయ్యాం. మొదట్లో మా మధ్య మర్యాద ఎక్కువ, మాట తక్కువ.

ఆవిడ ల్యాబ్ మూసేసి బందరులో స్థిరపడ్డాక మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాం. టీవీ ఉండాల్సిన చోట తొట్టె ఉంది. దాని పక్కనే ఒక బకెట్టు నిండా ఉప్పు. ఇలాంటి తొట్టెల కోసమే తయారు చేసి అమ్మే ఉప్పట.

"సముద్రాన్ని ఇంటి పక్కన పెట్టుకొని ఉప్పు కొంటున్నారా వదినగారూ?" అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను.

"కూర్చోండి. నా పరువు పోయిన కథ చెప్తాను," అన్నారు ఆవిడ.

కోడూరులో ఉండగానే మొదటి తొట్టె పెట్టారట. సముద్రంలో కోసుకొచ్చినదైతే ముట్టుకోనని చెప్పి, చెన్నైలో తొట్టెలోనే వీటిని పెంచే ఒకాయన దగ్గర నుంచి చిన్న ముక్క తెప్పించారు. అంత జాగ్రత్త పడిన మనిషి నీళ్ళ దగ్గర మాత్రం ఆలోచించలేదు. ఆటోలో క్యాన్లు వేసుకొని, కృష్ణ సముద్రంలో కలిసే పాలకాయతిప్ప వెళ్ళి, సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చి తొట్టె నింపేశారు. ముక్క ముడుచుకుంది. మళ్ళీ విచ్చుకోలేదు. కొన్నాళ్ళకి కరిగిపోయింది.

"అప్పుడు వరదలండీ. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. పాలకాయతిప్ప దగ్గర ఉన్నది సముద్రమా, కృష్ణా? నేను మోసుకొచ్చింది సగం కృష్ణే. వచ్చిన ప్రతి రైతు సీసానీ మీటరు పెట్టి చూసేదాన్ని, నా క్యాను మాత్రం చూసుకోలేదు. మన సముద్రమే కదా, ఉప్పగా ఉండక ఏం చేస్తుందిలే అనుకున్నా!"

"మరి ఎవరికీ తెలియలేదా?"

"నేనే ల్యాబ్ గోడ మీద రాయించా. 'ముందు మన నీళ్ళు' అని. రైతులందరూ అది వాళ్ళకి చెప్పే నీతి అనుకునేవాళ్ళు."

ఆ రోజు మేమిద్దరం మొదటిసారి కలిసి నవ్వాం. తన తప్పును గోడకెక్కించుకున్న మనిషంటే నాకు గౌరవం కలిగింది. ఆ తర్వాత బందరు వెళ్ళినప్పుడల్లా ఆ తొట్టె పని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైంది.

ఆ పనిలో ఎక్కడా హడావిడి ఉండేది కాదు. మినరల్ వాటర్ క్యాను తెప్పించి, అందులో ఉప్పు కలిపి, ఒక పూటంతా చిన్న మోటారుతో తిప్పనిచ్చి, మీటరు పెట్టి చూసి, అప్పుడు గాని నీళ్ళు మార్చేవారు కాదు. తొట్టె గాజు మీద ఒక రంగు టేపు అంటించి ఉండేది. నీళ్ళు ఆవిరై ఆ గీత కిందికి దిగితే మళ్ళీ గీత దాకా మంచినీళ్ళు పోసేవారు. ఉప్పునీళ్ళు ఎందుకు పోయరని ఒకసారి అడిగాను. "ఆవిరయ్యేది నీళ్ళే కదండీ, ఉప్పు ఎక్కడికీ పోదు. ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పు మీద ఉప్పు పడుతుంది," అన్నారు. పోయినదేదో అదే తిరిగి చేర్చాలి, ఉన్నదాన్ని రెండోసారి కలపకూడదు. ఈ లెక్క నాకు వెంటనే నచ్చింది. బళ్ళో పిల్లలకు ఇంత తేలిగ్గా చెప్పగలిగితే బాగుండేదనిపించింది.

ముక్క కోసే రోజు ఆవిడ వేరే మనిషి. చేతులకు గ్లవ్స్, కళ్ళకు వెల్డింగు చేసేవాళ్ళు పెట్టుకునేంత గాగుల్స్. ఈ జాతి ఒంట్లో, దాని జిగురులో గట్టి విషం ఉండొచ్చట. కంట్లో పడినా, చేతి మీద గాటుకు తగిలినా ప్రమాదం. ఆ రాళ్ళను వేడినీళ్ళతో కడగడం లాంటివి కలలో కూడా చేయకూడదు. "పువ్వులా ఉంది కదా అని వేలు పెట్టకండి వదినగారూ. మనలాంటిదే ఇది. చూడ్డానికే మెత్తన," అనేవారు. కోసినది జిగురుతో చిన్న రాయికి అంటించి మళ్ళీ నీళ్ళలో పెట్టాక, అది విచ్చుకునేదాకా ఎవరూ దాని గురించి అడగకూడదు. అడిగితే, "తొందరున్నవాళ్ళు కోళ్ళు పెంచుకోవాలండీ," అనేవారు. మా వారు ఒకసారి నిజంగానే, "కోడి పొదగడానికి మాత్రం ఇరవై ఒక్క రోజులు పట్టవా చెల్లెమ్మా?" అన్నారు. "అందుకే మీకు గుడ్లు చాలు అన్నయ్యగారూ," అన్నారు ఆవిడ.

ఒక రాయి మీద పుట్టిన మూతి పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి లేవడం చూస్తే నాకు మా వరి గుర్తొచ్చేది. "ఇది పిలకలు వేస్తోంది," అన్నాను. ఆవిడకు ఆ మాట బాగా నచ్చింది. ఆ రోజు నుంచి పిలకలే అన్నారు. అప్పుడే మా మామగారి పద్ధతి చెప్పాను. మంచి విత్తనం చేతికొస్తే ఆయన దాన్ని ఒక్క గాదెలో ఉంచేవారు కాదు. పక్క ఊళ్ళలో చుట్టాలకు తలా కాస్త ఇచ్చేవారు. తీసుకున్నవాళ్ళు పండించుకొని ఇంకొకరికి ఇవ్వాలి, ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా అడిగితే కాదనకుండా తిరిగివ్వాలి. మా పొలం మునిగినా విత్తనం ఎక్కడో ఒకచోట బతికే ఉండేది.

ఆవిడ లేచి తొట్టె దగ్గరికెళ్ళి టేపు గీత చూశారు. తర్వాత, "అయితే ఒక్క తొట్టెలో ఉన్నంతకాలం ఇది లేనట్టే లెక్క," అన్నారు.

అప్పటి నుంచి పంచడం మొదలుపెట్టారు. మొదటి పిలక అవనిగడ్డలో రొయ్యల చెరువులున్న రైతుకు వెళ్ళింది. ఆయన కోడూరు ల్యాబ్ రోజుల నుంచి ఆవిడ శిష్యుడు. రెండోది పామర్రులో మందుల షాపు ఆయనకు. మూడోది నాకు. నేను అడగలేదు.

అది మా ఇంట్లో శ్రావణమాసం నోము రోజు. ఆవిడ అలాంటి రోజుల్లో వచ్చినా ముత్తైదువుల మధ్య కూర్చునేవారు కాదు. ఎవరూ పొమ్మనకుండానే వెనక గదిలోకి వెళ్ళి మా ఇద్దరి మనవరాలికి జడ వేస్తూ కూర్చునేవారు. ఆ రోజు వాయనాలు అవుతుండగా చేతిలో మూతపెట్టిన గాజు సీసాతో గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపల రాయి ముక్క మీద పసుపుకుంకుమ. "మీ తొట్టె, ఉప్పు అన్నీ కారులో ఉన్నాయి. ముందిది తీసుకోండి, ఎక్కువసేపు సీసాలో ఉండకూడదు," అన్నారు.

నేను లేచి వెళ్ళి కొంగు పట్టాను. ఆలోచించి చేసింది కాదు. పొద్దుటి నుంచి వాయనాలు ఇవ్వడం, పుచ్చుకోవడమే పని, చెయ్యి దానంతటదే వెళ్ళింది. గదిలో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. ఆవిడ నా కొంగు వంక చూశారు, నా మొహం వంక చూశారు. నేను కొంగు దించలేదు. అప్పుడావిడ అందరికీ వినపడేలా, "ఇస్తినమ్మ వాయనం," అన్నారు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నాను.

పక్కింటావిడ ఏదో అనబోయింది. "మీకూ కావాలా? ముందు మీ నీళ్ళు చూపించండి," అన్నారు మా వదినగారు. అందరూ నవ్వేశారు. ఆ రోజు ఆవిడ వెనక గదిలోకి వెళ్ళలేదు. అందరి మధ్యలో కూర్చొని శనగలు తిన్నారు.

తర్వాత పామర్రు ముక్క ఒక ఎండాకాలం వేడికి పోయింది. ఆ మరుసటి సంవత్సరం తుఫాను వచ్చింది. బందరులో రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టరు ఆగిపోయింది, బ్యాటరీ మోటార్లు ఆగిపోయాయి. ఆవిడ చెంబుతో నీళ్ళు తీసి పోస్తూ కూర్చున్నారట, కాస్త గాలి కలుస్తుందని. అయినా పసుపుకుంకుమ నిలవలేదు. అవనిగడ్డలోనూ అంతే. రోడ్లు తెరుచుకున్నాక ఫోను కలిసింది. నేను ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతుంటే, ఆవిడ నా మాటకు అడ్డుపడి, "వదినగారూ, విత్తనం మీ దగ్గరుందా?" అని అడిగారు.

"ఉంది. మాకు కరెంటు త్వరగానే వచ్చింది."

"అమ్మయ్య," అన్నారు. ఆ తర్వాతే, తన ఇంటి రేకులు ఎగిరిపోయిన సంగతి చెప్పారు.

వెంటనే కోసి పంచాలనుకున్నాం. ఈలోగా ఆవిడ కిడ్నీలు మొరాయించాయి. మా కోడలు బందరు వెళ్ళి తల్లి దగ్గరే ఉండిపోయింది. డయాలసిస్ మొదలుపెట్టిన రోజు నేను వెళితే ఆవిడ మంచం మీద నుంచి గొట్టాలు చూపించి, "చూశారా, నాకూ నీళ్ళు మారుస్తున్నారు. ఉప్పెంత, పొటాషియమెంత అని మీటర్లు కూడా. వీళ్ళు బాగానే చేస్తున్నారు గాని, తొందరెక్కువ," అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఆవిడ గొంతు తగ్గించి, "నేను గుడివాడ రాలేను. మీరే కొయ్యాలి. ఉన్నది ఒక్క ముద్ద. మీ మోటారు ఒక్కటి ఆగితే మొత్తం పోయినట్టే. నేనుండగా రెండో చోటికి చేరిందని చూడాలి," అన్నారు.

అలా నేను వీడియో కాల్‌లో ఆవిడ ముందు పరీక్షకు కూర్చున్నాను. అక్కడ ఫోను మా కోడలి చేతిలో, ఇక్కడ మా వారి చేతిలో.

"అన్నయ్యగారూ, మీ బొటనవేలు తప్ప ఏమీ కనిపించట్లేదండీ."

"అది కూడా విచ్చుకుందో లేదో చూసి చెప్పండి చెల్లెమ్మా."

"కళ్ళద్దాలు పెట్టుకున్నారా వదినగారూ?"

"పెట్టుకున్నాను."

"అవి పేపరు చదివేవి. నేనడిగింది గాగుల్స్."

మార్చుకున్నాను. తొట్టెలోంచి తీసిన నీళ్ళే గిన్నెలో పోసి, రాయిని అందులో పెట్టాను. అప్పటికే అన్నీ ముడుచుకొని బటాణీ గింజల్లా అయిపోయాయి. బ్లేడు పట్టుకున్నాక చెయ్యి వణికింది. జీవితమంతా సుద్దముక్కతో సరళరేఖలు గీసిన చెయ్యి.

"వణుకుతోంది వదినగారూ."

"వణకనివ్వండి. భయమున్న చెయ్యి అనవసరంగా కొయ్యదు. మూతి మీద కాదు, మూతికీ మూతికీ మధ్య చాప కొయ్యండి. ఆకుకూర కాదు, గబగబా తరగడానికి. ఆఁ, అక్కడే. నొక్కండి. ఇంకొంచెం."

తోలు తెగినట్టు తెగింది. జిగురు కారింది. ఒక్కో ముక్కనీ చిన్న రాయికి అంటించి, తొట్టెలో వెలుగు తక్కువగా ఉండే మూలన పెట్టాను. గ్లవ్స్ తీసి చేతులు కడుక్కున్నాక చూస్తే చీర వెనక అంతా చెమటకు తడిసి ఉంది. "పాసయ్యారు," అన్నారు ఆవిడ. "ఫస్టు క్లాసు కాదు లెండి."

ఆ తర్వాతి రోజులు నాకు ఇప్పటికీ బరువుగానే ఉన్నాయి. ముక్కలు ముడుచుకొనే ఉన్నాయి. అసలు తల్లి ముద్ద కూడా ముడుచుకుంది. అక్కడ ఆవిడ రోజురోజుకూ నీరసిస్తున్నారు. రోజూ ఒకటే ప్రశ్న: "విచ్చుకున్నాయా?" నేను లేదనడం, ఆవిడ సరేననడం. ఒకరోజు మా కోడలు బయటికొచ్చి ఫోను చేసింది.

"అత్తయ్యా, విచ్చుకున్నాయని చెప్పేయండి. ఏం పోయింది? అమ్మ సంతోషపడుతుంది."

"రేపు చూపించమంటే?"

"పాత ఫొటో పంపించండి."

"మీ అమ్మకి పాత ఫొటో తెలియదా అమ్మా? ఆవిడ నీళ్ళు చూసి తేదీ చెప్పే మనిషి."

కోడలు కోపంగా ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం ఆవిడ అడిగినప్పుడు కూడా "ఇంకా లేదు," అనే చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకొని, "మంచిది. మీరు లేదంటున్నంతకాలం, ఉందన్న రోజు నేను నమ్మొచ్చు," అన్నారు. వెనక నుంచి మా కోడలు ఏడుపు వినిపించింది. తల్లీ కూతుళ్ళకి అప్పటికే దీని మీద ఏదో మాట అయి ఉంటుంది. నేను అడగలేదు.

చివరికి ఒక ఉదయం కాఫీ కలుపుతూ తొట్టె వైపు చూశాను. మూలనున్న ముక్క మీద ఒక్క మూతి పసుపు అంచు బయట పెట్టింది. దగ్గరికి వెళ్ళకుండా నిలబడ్డాను. కాఫీ చల్లారిపోయింది. మధ్యాహ్నానికి ప్రతి ముక్క మీదా కుచ్చులు లేచాయి. అప్పుడు ఫోను చేశాను. ఏమీ చెప్పకుండా కెమెరా తొట్టెకు ఆనించాను. ఈసారి బొటనవేలు అడ్డం లేదు.

ఆవిడ ఫోను ఇంకా దగ్గరికి పట్టమని కూతురికి సైగ చేశారు. తర్వాత, సన్నగా గాని స్పష్టంగా, "కుంకుమ బాగా ఎర్రగా ఉంది వదినగారూ," అన్నారు. ఇంకాసేపు చూసి, "ఫస్టు క్లాసే," అన్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే పోయారు. నాకొచ్చిన కబురు మొదట్లోనే చెప్పాను.

బందరులో పెద్దకర్మ రోజు అవనిగడ్డ రైతు, ఆయన భార్య, పామర్రు మందుల షాపు ఆయన ముగ్గురూ వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసాలు. భోజనాలయ్యాక రైతు నా దగ్గరికొచ్చి, "అమ్మగారూ, మాకిద్దామన్న పిలక..." అన్నారు.

"ఇప్పుడివ్వను. ఇంకా రాయిని పట్టలేదు. ఆవిడ ఆర్డరు," అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "పోయాక కూడా మేడమ్‌గారు చెరువు చూడందే రొయ్య పట్టనివ్వరు," అన్నారు.

పట్టు కుదిరాక కబురు చేశాను. ఈసారి గుడివాడ వచ్చారు. ముగ్గురినీ కూర్చోబెట్టి, ముందు వాళ్ళు తెచ్చిన నీళ్ళ సీసాల్లో మీటరు పెట్టి చూశాను. పామర్రు ఆయన నీళ్ళు కొంచెం పలచగా ఉన్నాయి. సరిచేసుకొని రమ్మని వెనక్కి పంపాను. అలిగి వెళ్ళి, మరునాడు సరైన నీళ్ళతో వచ్చారు. తీసుకునేటప్పుడు జేబురుమాలు చాచి, "కొంగు లేదండీ, సర్దుకోండి," అన్నారు. ఇంకో ముక్క మా కోడలు బందరు ఇంటికి తీసుకెళ్ళింది. తల్లి తొట్టె కడిగి, కొత్త నీళ్ళు నింపి, టేపు గీత పాతదే ఉంచింది. ఒకప్పుడు ఒకే చోట ఉన్నది, ఇప్పుడు కృష్ణకు ఇటూ అటూ కూడా ఉంది.

అవనిగడ్డ రైతు భార్య మాత్రం గుడివాడ వచ్చిన మొదటి రోజే తీసుకున్నారు. వాళ్ళ నీళ్ళు అచ్చంగా సరిపోయాయి. ఆమె కొంగు పట్టారు. ఇచ్చే మాట నేనన్నాను, పుచ్చుకునే మాట ఆమె అన్నారు. బస్సెక్కి, సీసాను ఒళ్ళో పెట్టుకొని వెళ్ళారు. కుదుపుకు ఇవి ముడుచుకుంటాయి, ఇంటికెళ్ళాక కొన్నాళ్ళు విచ్చుకోకపోయినా కంగారు పడొద్దని చెప్పి పంపాను.

సాయంత్రం ఆమె ఫోను నుంచి ఒక ఫొటో వచ్చింది. బస్సు పులిగడ్డ దగ్గర నది దాటుతున్నప్పుడు తీసినది. కిటికీ అవతల కింద కృష్ణ, ఎండలో మెరుస్తూ సముద్రం వైపు పోతోంది. ఇటు ఆమె ఒళ్ళో సీసా. కిటికీలోంచి పడిన ఎండ సరిగ్గా ఆ సీసా మీద ఉంది. లోపల, అంత కుదుపులోనూ, అన్నిటికంటే ముందు ఒకే ఒక్కటి పసుపు కుచ్చు పూర్తిగా విప్పుకొని ఉంది. దానికి కూడా తొందరెక్కువే.